ఇండిపెండెంట్ సినిమా చూశాక అభిప్రాయం రాయడం: "కాస్త స్లో" దగ్గర ఆగిపోకుండా

ఈమధ్య వరసగా ఇండిపెండెంట్ సినిమాలు (పెద్ద స్టూడియోల అదుపులో లేకుండా తీసినవి) చూస్తున్నామనీ, ప్రతిదాని గురించీ ఓ పేజీ రాసి పెట్టుకుందామని కూర్చుంటే "బాగుంది, కాస్త స్లో, అందరికీ నచ్చకపోవచ్చు" దాటి ఒక్క వాక్యం కూడా రావట్లేదనీ అడిగారు. తక్కువ డబ్బుతో తీసినవాటి లోపాలను చూసీచూడనట్టు వదిలేయాలా, పెద్ద సినిమాల లెక్కనే పట్టించుకోవాలా అన్నది మీ రెండో సందేహం. రెండోది తేలితే మొదటిది సగం తేలిపోతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

జాలి పనికిరాదు. "పాపం, ఇంత తక్కువలో ఎలా తీశారో" అన్న మాట మెచ్చుకోలులా వినిపిస్తుంది గానీ, ఆ సినిమాను మిగతా సినిమాల పంక్తిలోంచి లేపి వేరే కూర్చోబెడుతుంది. అలాగని పెద్ద సినిమాలో ఉన్నవన్నీ ఇందులో లేవని లెక్కలు తీయడమూ తప్పే. నా వరకు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దర్శకుడికి ఉన్న ఇబ్బంది సినిమాలో ఒక నిర్ణయంగా మారిందా, లేక ఇబ్బందిగానే తెర మీద మిగిలిపోయిందా?

"క్లర్క్స్" (1994) చూడండి. కెవిన్ స్మిత్ తాను పనిచేసే దుకాణంలోనే, అది మూసేశాక రాత్రిళ్లు తీశాడు. కథ జరిగేదేమో పగలు. కిటికీలోంచి చీకటి కనిపిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని షట్టర్ల తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కూరేశారనీ, అవి లేవట్లేదనీ కథలోనే పెట్టేశాడు. హీరో ఓ గుడ్డ మీద "దుకాణం తెరిచే ఉంది" అని బూట్ పాలిష్‌తో రాసి బయట వేలాడదీస్తాడు. సెలవు రోజున బలవంతంగా డ్యూటీకి వచ్చిన కుర్రాడు, మూసి ఉన్న షట్టర్ల వెనక, ట్యూబ్‌లైటు వెలుతురులో రోజంతా ఇరుక్కుపోతాడు. లైట్ల ఇబ్బంది కాస్తా అతని బతుకు పరిస్థితి అయిపోయింది. దీన్ని "తక్కువ బడ్జెట్ అయినా బాగా తీశారు" అనడం అన్యాయం. బడ్జెట్ ఉండి ఉంటే ఈ సినిమాలో ఇంత బలమైన విషయం ఒకటి పుట్టేదే కాదు.

"ది ఫ్లోరిడా ప్రాజెక్ట్" (2017) మరో రకం. సినిమా అంతా థియేటర్ సినిమాలకు వాడే 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన షాన్ బేకర్, చివరి సీను మాత్రం డిస్నీ వరల్డ్ వినోద పార్కులో అనుమతి లేకుండా ఐఫోన్‌తో తీశాడు. అంతవరకు నిలకడగా, రంగులతో నిండుగా ఉన్న బొమ్మ ఒక్కసారిగా పలచబడి, కుదుపులతో పరుగు తీస్తుంది. ఫోన్ వాడింది గత్యంతరం లేక. కానీ ఆ క్షణంలో కథలోని పిల్లలు పారిపోతున్నది తమకు తెలిసిన లోకం నుంచి. బొమ్మ మారడం అక్కడ సరిగ్గా అతికింది. ఆ ముగింపు మీద అభిప్రాయాలు చీలిపోయి ఉంటాయి, నేను మాత్రం దాని పక్షం.

ఇక ఇబ్బంది ఇబ్బందిగానే మిగిలిపోయిన సినిమాలు లెక్కలేనన్ని. పెద్ద పార్టీ జరుగుతోందని డైలాగుల్లో చెబుతారు, తెర మీద నాలుగు మొహాల క్లోజప్‌లు తప్ప ఏమీ ఉండదు, ఎందుకంటే అక్కడ ఉన్నదే నలుగురు. ఊరంతా భయపడుతోందంటారు, వీధిలో ఒక్క మనిషీ కనిపించడు. ఇక్కడ తప్పు డబ్బుది కాదు, రాతది. నలుగురే దొరుకుతారని తెలిసినప్పుడు ఆ సీనును నలుగురికి సరిపడా తిరగరాయాలి. మీ అభిప్రాయంలో ఆ మాటే రాయండి.

ఒక హెచ్చరిక. ప్రచారంలో ఉండే బడ్జెట్ అంకెల్ని పట్టుకుని తీర్పు చెప్పకండి. "ఎల్ మరియాచి" (1992) సుమారు 7 వేల డాలర్లతో తీసిన సినిమాగా పేరు పొందింది. షూటింగ్ ఖర్చు వరకు అది నిజం. ఆ తర్వాత పంపిణీ తీసుకున్న స్టూడియో దాన్ని 35 ఎంఎంకి మార్చడానికీ, సౌండ్ మళ్లీ మిక్స్ చేయించడానికీ అంతకు ఎన్నో రెట్లు ఖర్చుపెట్టింది. థియేటర్లో జనం విన్నది 7 వేల డాలర్ల శబ్దం కాదు. పైగా "ఇండిపెండెంట్" అన్న అరలోనే 7 వేల డాలర్ల "ప్రైమర్" (2004), 60 లక్షల డాలర్ల "అనోరా" (2024), కోటి డాలర్ల లోపు తీసిన మూడున్నర గంటల "ది బ్రూటలిస్ట్" (2024) అన్నీ ఉన్నాయి. అందుకని ఆ మాటతో బడ్జెట్ ఎంతో చెప్పినట్టు కాదు. ఆఖరి కట్, అంటే సినిమా చివరికి ఏ రూపంలో బయటికి రావాలన్న నిర్ణయం, ఎవరి చేతిలో ఉంది అన్నదానికే అది కాస్త దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు చూసే పద్ధతి. రాత కుదరకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది.

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. పిక్చర్ సెట్టింగుల్లో "ఫిల్మ్‌మేకర్ మోడ్" గానీ "సినిమా మోడ్" గానీ పెడితే చాలావరకు అదే ఆగిపోతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్య లేని ఫ్రేముల్ని తనే తయారుచేసి ఇరికిస్తుంది. చేత్తో పట్టుకుని తీసిన కెమెరా కదలిక అప్పుడు ఇంట్లో తీసిన వీడియోలా జారుతుంది, మీరేమో "కెమెరా పనితనం చవగ్గా ఉంది" అని రాస్తారు. చవకతనం కెమెరాది కాదు, టీవీ సెట్టింగుది. అలాగే 4:3 ఫ్రేములో (పాత టీవీల్లా దాదాపు చదరంగా ఉండేది) తీసిన సినిమా పక్కన నల్లపట్టీలు వస్తున్నాయని జూమ్ చేయకండి, పైనా కిందా తెగిపోతుంది. రాత్రి సీన్లు ఎక్కువున్న సినిమాను పగటి వెలుతురులో, నెమ్మదైన నెట్ మీద చూస్తే చీకటంతా గళ్లుగళ్లుగా, చారలు చారలుగా కనిపిస్తుంది. దాన్నీ ఛాయాగ్రాహకుడి ఖాతాలో వేయకూడదు. మాటలు నసిగినట్టు వినిపిస్తే ముందు యాప్‌లో ఆడియోను 5.1 (చుట్టూ స్పీకర్లు ఉన్నవాళ్ల కోసం చేసిన సౌండ్) నుంచి స్టీరియోకి మార్చి చూడండి, లేదా హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. అప్పటికీ వినపడకపోతే అప్పుడు అది సినిమా లోపం.

వేగం పెంచి చూడటం, మూడు విడతలుగా చూడటం మీ ఇష్టం. కానీ అలా చూసిన సినిమా నడక గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి. మీరు చూసింది ఆ నడకను కాదు.

మొదటిసారి చూస్తున్నప్పుడు నోట్సు వద్దు. మరీ మర్చిపోతామనిపిస్తే రెండు మూడు మాటలు, పక్కన నిమిషం సంఖ్య, అంతే. సినిమా అయిపోగానే, ఇంకెవరి రివ్యూ చదవకముందే, ఒక పావుగంట కూర్చుని గుర్తున్న దృశ్యాలు వచ్చిన క్రమంలోనే రాసుకోండి. కథ క్రమంలో కాదు, మనసుకి వచ్చిన క్రమంలో. మామూలుగా ఐదారు వస్తాయి. మీ అభిప్రాయానికి వెన్నెముక అవే. తర్వాత, ఎక్కడ చెయ్యి ఫోన్ మీదికి పోయిందో ఆ నిమిషం రాసుకోండి. మర్నాడు ఆ చోటికి వెళ్లి, దానికి పది నిమిషాల ముందు నుంచి చూడండి. విసుగు పుట్టిన చోటు, దాని కారణం ఉన్న చోటు చాలాసార్లు ఒకటి కావు. ముప్పయ్యో నిమిషంలో తెలిసిపోయిన సంగతి కోసమే నలభయ్యో నిమిషంలో పాత్రలు ఇంకా వెతుకుతూ ఉంటాయి. మీకు ఆ నలభయ్యో నిమిషమే గుర్తుంటుంది, తప్పు మాత్రం ముప్పయ్యోదానిది.

ఇక అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సింది శబ్దం దగ్గర. ఈ రోజుల్లో ఫోన్ కెమెరా కూడా పర్వాలేదనిపించే బొమ్మ ఇస్తుంది. "టాంజరిన్" (2015) మూడు ఐఫోన్ 5ఎస్‌లతో, వాటికి బొమ్మను వెడల్పుగా ఇచ్చే అనామార్ఫిక్ లెన్స్ అడాప్టర్ తగిలించి తీసిన సినిమా, అయినా బొమ్మలో లోటు తెలియదు. శబ్దం మాత్రం అలా క్షమించదు. ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే సీను ఒకటి ఎంచుకుని, ఒక నిమిషం కళ్లు మూసుకుని వినండి. మూడు సంగతులు తెలుస్తాయి.

మొదటిది, గది శబ్దం. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు. ఫ్యాను, ఫ్రిజ్, బయటి రోడ్డు, ఏదో ఒక మోత అడుగున ఉంటుంది. దాన్నే రూమ్ టోన్ అంటారు. సౌండ్ రికార్డిస్టు షాట్లు అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఓ అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆ ఖాళీ శబ్దాన్నే రికార్డు చేసుకుంటాడు. ఎడిటింగ్‌లో కట్‌ల కింద దాన్ని పరుస్తారు. హడావుడి షూటింగుల్లో మొదట ఎగిరిపోయే పని ఇదే. అది లేకపోతే మాటకీ మాటకీ మధ్య గొయ్యి పడుతుంది, ఒకరి షాట్ నుంచి మరొకరి షాట్‌కి వెళ్లినప్పుడల్లా గది మారిపోయినట్టుంటుంది.

రెండోది, దూరం. మనిషి గది చివర నిలబడి ఉంటే గొంతు చెవి పక్కన వినిపిస్తోందంటే అది డబ్బింగ్ కావచ్చు, చొక్కాకి పెట్టిన ల్యాపెల్ మైక్ కావచ్చు. ల్యాపెల్ అయితే గుడ్డ రాపిడి కూడా అప్పుడప్పుడు దొరుకుతుంది. మొహం తెర నిండా ఉండి గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టుంటే మైక్ దూరంగా, బహుశా కెమెరా మీదే ఉంది. డబ్బింగ్ దానంతట అది దోషం కాదు. ఇటలీలో గొప్ప దర్శకులే దశాబ్దాల పాటు షూటింగ్ అయ్యాక గొంతులు పెట్టించేవారు. దోషం ఎక్కడంటే, డబ్బింగ్ గొంతుకి గది ఇవ్వకపోవడం: అడుగుల చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు, కొంచెం ప్రతిధ్వని, ఇవేవీ కలపకుండా వదిలేయడం.

మూడోది, సంగీతం మొదలయ్యే చోటు. భావం మారే చోట మొదలవుతోందా, లేక డైలాగు వెనక మోత మొదలైన చోటా? చెమ్మపట్టిన గోడకి క్యాలెండర్ తగిలించినట్టు, పాడైన శబ్దం మీద సంగీతాన్ని కప్పేసే సినిమాలు చాలా ఉన్నాయి. రెండు మూడు సీన్లలో ఇది పట్టుకుంటే ఆ తర్వాత మీ చెవే పట్టేస్తుంది.

దీన్ని రాసేటప్పుడు "సౌండ్ బాగోలేదు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయొచ్చు: "వంటింట్లో గొడవ సీనులో తల్లి మాట్లాడుతున్నంతసేపూ వినిపించే ఫ్రిజ్ మోత, కొడుకు మొహానికి కట్ అవగానే ఆగిపోతుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారన్న నమ్మకం నాకు కుదరలేదు, అందుకే ఆ గొడవ కూడా తగలలేదు." ఒక చిన్న సాంకేతిక లోపం మీ మనసు మీద చేసిన పని దాకా వచ్చింది చూశారా, అభిప్రాయం అంటే అంతవరకు రావాలి.

శబ్దం నిర్ణయంగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే పాయల్ కపాడియా తీసిన "ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్" (2024, కేన్స్ చిత్రోత్సవంలో రెండో అతిపెద్ద బహుమతి గ్రాండ్ ప్రి) మొదటి నిమిషాలు వినండి. రాత్రి ముంబై, మార్కెట్లు, జనం. పైన రకరకాల భాషల్లో గొంతులు, బతుకుదెరువు కోసం ఆ నగరానికి వచ్చినవాళ్లవి. మాట్లాడుతున్నవాళ్ల మొహాలు మనకి చూపించరు. ఆ తర్వాత కెమెరా నర్సు ప్రభ దగ్గర ఆగేసరికి, ఆమె అన్ని గొంతుల్లో ఒక గొంతు అని ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయి ఉంటుంది. దర్శకురాలు అంతకు ముందు డాక్యుమెంటరీ తీసిన మనిషి కాబట్టి ఆ పద్ధతి కథాచిత్రంలోకి ఎంత సహజంగా వచ్చిందో నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. ఇదే సినిమాలో విదేశంలో ఉన్న భర్త నుంచి, ఉత్తరం ముక్క లేకుండా, ఓ ఎర్ర రైస్ కుక్కర్ వస్తుంది. రాత్రి ఒంటరిగా నేల మీద కూర్చుని ప్రభ దాన్ని వాటేసుకుంటుంది. సంగీతంతో గుండె పిండే ప్రయత్నమేదీ లేకుండా ఆ పెళ్లి సంగతంతా ఒక వస్తువు మీద పెట్టేశారు. నగరం వదిలి సముద్రపు ఊరికి వెళ్లాక సినిమా వాస్తవం నుంచి ఒక అడుగు పక్కకి వేస్తుంది. కొందరు అక్కడ జారిపోతారు. మీరూ జారితే, "సెకండాఫ్ దెబ్బతింది" అని కాకుండా, ఆ అడుగుకి మొదటి సగం మిమ్మల్ని ఎంతవరకు సిద్ధం చేసింది అన్నది చూసి రాయండి. నా లెక్కలో ఆ కుక్కర్ సీనే సిద్ధం చేసింది. లేని మనిషిని వస్తువులో తాకినామె, తర్వాత లేని మనిషితో మాట్లాడగలదు.

"స్లో" అన్న మాట దగ్గరకి వద్దాం. ఈ ఒక్క మాటలో మూడు వేరువేరు ఫిర్యాదులు దాగున్నాయి. షాట్లు పొడవుగా ఉన్నాయా? కొత్త సంగతి తెలియడానికి ఎక్కువసేపు పడుతోందా? లేక తెలిసిన సంగతినే మళ్లీ చెబుతున్నారా? మొదటి రెండూ దర్శకుడి పద్ధతి కావచ్చు. మూడోది దాదాపు ఎప్పుడూ లోపమే. ఏదో తేల్చుకోవడానికి చిన్న లెక్క ఉంది. ఐదు నిమిషాల ముక్క తీసుకుని కట్‌లు లెక్కపెట్టండి. 300 సెకన్లను షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ పొడవు వస్తుంది. ఇప్పటి వాణిజ్య చిత్రాల్లో అది 3 నుంచి 6 సెకన్ల మధ్య ఉండటం మామూలు. మీ లెక్క 20, 30 వచ్చిందంటే షాట్లు నిజంగానే పొడవు. 5 వచ్చిందీ, అయినా మీకు నత్తనడకలా అనిపించిందీ అంటే కారణం షాట్లలో లేదు, ఒకే సంగతి మూడుసార్లు చెప్పిన రాతలో ఉంది. ఆ రెండిటికీ ఒకే మాట వాడితే ఎలా?

డేవిడ్ లోవరీ తీసిన "ఎ గోస్ట్ స్టోరీ" (2017)లో భర్త చనిపోయిన అమ్మాయి, ఎవరో వదిలి వెళ్లిన "పై" (pie) అనే కేకు లాంటి తీపి వంటకం తింటుంది. నాలుగు నిమిషాలకు పైగా, దాదాపు అంతా కదలని కెమెరాతో. ఆమె వంటింటి నేల మీద కూలబడి, ఫోర్కుతో తవ్వుకుంటూ, రుచితో సంబంధం లేకుండా తింటూనే ఉంటుంది. వెనక తెల్ల దుప్పటి కప్పుకున్న దెయ్యం, అంటే భర్త, నిలబడి చూస్తుంటాడు. "ఆ సీను మరీ లాగ్" అన్నవాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఆగి చూస్తే, ఆ దెయ్యం చేయగలిగిందేమీ లేదు, చూడటం తప్ప. మనం చేయగలిగిందీ అంతే. సీను నిమిషం ఉంటే మనం ఆమెను చూసి జాలిపడి ముందుకు పోయేవాళ్లం. నాలుగు నిమిషాలు ఉండటం వల్ల కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ అతని స్థానంలోకి చేరతాం. మూలలు గుండ్రంగా కోసిన 4:3 ఫ్రేము కూడా అందుకే, పాత ఫొటోలో బిగించేసినట్టు. ఇదే సినిమాలో నాకు అసలు భారంగా అనిపించింది వేరేది: తర్వాత ఓ పార్టీలో ఒక మనిషి, విశ్వం నశిస్తుంది, మనం చేసినదేదీ మిగలదు అంటూ చేసే ఉపన్యాసం. మాటలు గలగలా వస్తాయి, ఎవరూ దాన్ని స్లో అనరు. కానీ మాట లేకుండా సినిమా అప్పటికే అనుభవంలోకి తెచ్చినదాన్ని మళ్లీ మాటల్లో చెప్పడం అది. నిజమైన సాగతీత అక్కడుంది.

పొడవాటి షాట్ ఎంచుకున్నదా, టైమ్ లేక ఒక్క షాట్‌లో కానిచ్చేసిందా అని తేల్చడానికీ గుర్తులున్నాయి. ఎంచుకున్న షాట్‌లో లోపల ఏదో మారుతూ ఉంటుంది: ఇద్దరి మధ్య దూరం, వెలుతురు, ఫ్రేము బయటి నుంచి వచ్చే చప్పుడు, మన చూపు ఎవరి మీద ఉంది అన్నది. కానిచ్చేసిన షాట్‌లో పాత్రలు కెమెరాకి ఎదురుగా వరసగా నిలబడి, వంతులవారీగా డైలాగులు చెబుతాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగి ఉంటారు. "విక్టోరియా" (2015) 138 నిమిషాల పాటు ఒకే షాట్. 12 పేజీల స్క్రిప్టుతో మొదలై, మూడో ప్రయత్నంలో కుదిరింది. చివర్లో నటుల అలసట పాత్రల అలసటలో కలిసిపోయే తీరు ఇంకే పద్ధతిలోనూ రాదు. దానికి చెల్లించిన మూల్యం కూడా తెరమీదే ఉంది, ఒకచోటి నుంచి మరోచోటికి నడిచే మధ్యభాగాల్లో సడలిన నిమిషాలను కత్తిరించే వీలు ఎవరికీ లేకపోయింది. రెండూ రాయాలి.

దీనికి పూర్తి వ్యతిరేకం "ఎల్ మరియాచి". కెమెరా మోత చేస్తుంది కాబట్టి షాట్ అయ్యాక విడిగా మాటలు రికార్డు చేశారు. పెదవులకీ మాటకీ పొంతన తప్పే చోటల్లా దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ మరో షాట్‌కి కట్ చేసేశాడు. సినిమాకి ఆ దూకుడు అలా వచ్చింది.

మరి కట్ చేయకుండా, మొహాలే చూపకుండా కూడా సీనును గుండెల్లో దించవచ్చు. షార్లట్ వెల్స్ "ఆఫ్టర్‌సన్" (2022)లో కూతురు చిన్న వీడియో కెమెరా పట్టుకుని, టీవీకి కలిపి, తండ్రిని ప్రశ్నలు అడుగుతుంది. అతను కెమెరా ఆపేయమంటాడు. ఆపేశాక మనం వాళ్ల మొహాల వైపు తిరుగుతామనుకుంటాం. తిరగం. ఆరిపోయిన టీవీ అద్దంలో మసగ్గా కదిలే ఇద్దరి నీడల్నే చూస్తూ, అతను తన చిన్నప్పటి సంగతి చెప్పడం వింటాం. పెద్దయ్యాక ఆ వీడియోలు చూసుకునే కూతురికి ఆ సంభాషణ టేపు మీద లేదు, జ్ఞాపకంలోనే ఉంది, అందుకే బొమ్మ అంత మసక. ఒక టీవీ, ఒక గది, ఇద్దరు నటులు, ఖర్చు ఏముంది ఇందులో? ఇలాంటి ఒక్క షాట్ గురించి నూటయాభై మాటలు రాయగలిగితే మీ పేజీలో నాలుగో వంతు నిండిపోయినట్టే, అదీ చదవదగినదిగా.

నటన గురించి క్లుప్తంగా. "నటించలేదు, జీవించారు" అన్న వాక్యాన్ని మానేయండి. కొత్తవాళ్లు, నటులు కానివాళ్లు చేసిన సినిమాల్లో చూడాల్సింది వాళ్లు మాట్లాడేటప్పుడు కాదు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు. చేతులు ఏం చేస్తున్నాయి? వింటున్నారా, తమ లైను కోసం కాసుకున్నారా? అలవాటైన పని చేతిలో ఉన్నంతసేపు కొత్తవాళ్లు అద్భుతంగా ఉంటారు, కథను వివరించే పొడవాటి డైలాగు ఇవ్వగానే బిగుసుకుపోతారు. అది నటుడి తప్పు కంటే దర్శకుడి తప్పే ఎక్కువ. చైతన్య తమ్హాణే "కోర్ట్" (2014)లో చాలామంది నటులు కానివాళ్లే. కెమెరాను దూరంగా, కదలకుండా పెట్టి, క్లోజప్‌లో భావం పలికించే భారం వాళ్ల మీద పెట్టలేదు. ఆ దూరం వల్లే కోర్టు అనే యంత్రం కూడా కనిపించింది. "కోహెరెన్స్" (2013) ఇంకో దారి పట్టింది. దర్శకుడి ఇంట్లోనే ఐదు రాత్రుల్లో తీశారు, నటులకి స్క్రిప్టు ఇవ్వకుండా ఎవరి పాత్రకి కావాల్సిన చీటీలు వాళ్లకే ఇచ్చారు. అయోమయం నిజంగానే పుట్టింది. ఇలా అప్పటికప్పుడు మాట్లాడించే పద్ధతిలో వచ్చే చిక్కు, అందరూ ఒకే మాటను అటూ ఇటూ తిప్పి అనడం. ఈ సినిమాలోనూ డిన్నర్ టేబుల్ దగ్గర అక్కడక్కడ అది వినిపిస్తుంది.

రాత విషయానికొస్తే, ఐదారు వందల మాటలు చాలు. కథ మూడు వాక్యాలు దాటకూడదు. మొదటి పేరాలోనే మీకు అన్నిటికంటే బలంగా గుర్తున్న దృశ్యాన్ని పెట్టండి, ఆ దృశ్యం ఎలా పనిచేసిందో చెప్పండి, ఆ తర్వాతే ఇది ఎవరి కథ, ఎక్కడి కథ అన్నది. ఒక ఫిర్యాదు ఉంటే దాని కారణంతో సహా రాయండి. "నిడివి తగ్గిస్తే బాగుండేది", "ఎడిటర్ కత్తెరకు పదును పెట్టాల్సింది" అని రాయబోతున్నప్పుడు, ఏ సీను తీసేయొచ్చో పేరుపెట్టి చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. "ఛాయాగ్రహణం కనువిందు చేస్తుంది", "సాంకేతికంగా ఉన్నతంగా ఉంది", "రా అండ్ రస్టిక్" కూడా అంతే. వాటిని ఏ సినిమా పేరు కింద పెట్టినా సరిపోతాయి, కాబట్టి ఈ సినిమా గురించి ఏమీ చెప్పవు.

"అందరికీ నచ్చకపోవచ్చు" బదులు, ఆ సినిమా చూసేవాడి నుంచి ఏం అడుగుతుందో రాయండి. టైమ్ మెషీన్ కథ అయిన "ప్రైమర్" 77 నిమిషాలే. ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకునే భాషలోనే పాత్రలు మాట్లాడతాయి, ఎవరూ మనకోసం ఆగి వివరించరు. ఆ పాత్రలకే తమ లెక్క తప్పిపోతుంది కాబట్టి మన తికమక నిజాయితీగా వచ్చిందే. అయితే చివరి భాగంలో ఫోన్ గొంతు చెప్పే వివరణ మరీ పరుగులో పోతుంది, రెండోసారి చూస్తే గానీ అందదు. ఈ నాలుగు వాక్యాలు చదివినవాళ్లు చూడాలో వద్దో తామే తేల్చుకుంటారు.

ముగింపు చెప్పేయకుండా ముగింపు గురించి రాయడం కష్టమే గానీ కుదురుతుంది. ఏం జరిగిందో దాచి, ఏ రకం నిర్ణయమో చెప్పండి. "కోర్ట్"లో కోర్టు సెలవులకి మూతపడుతుంది, గదిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయి తెర చీకటవుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటాం. అవ్వదు, సినిమా ఇంకో చోటికి వెళ్తుంది, అసలు మాట అక్కడే చెబుతుంది. ఇంత రాస్తే గుట్టు విప్పినట్టు కాదు, చదివినవాడు ఆ చీకటి దగ్గర లేచిపోకుండా కూర్చుంటాడు.

స్టార్ రేటింగ్ ఇవ్వదలిస్తే రాయడం అయిపోయాకే ఇవ్వండి. ముందే మూడు అనుకుంటే రాసేదంతా ఆ మూడుకి సాక్ష్యాలు వెతకడమే అవుతుంది. ఇక కొన్ని నెలలకు అదే సినిమా మళ్లీ చూసి అభిప్రాయం మారిందనుకోండి, పాతది చెరపకండి. దాని కిందే తేదీ వేసి, ఏ సీను ఇప్పుడు వేరేలా కనిపించిందో రెండు వాక్యాలు చేర్చండి.